ఎవరు పెట్టినా తినే హిల్డా

సిగ్ని లిండ్‌క్విస్ట్‌కి తిండి అంటే భయం. చీకటంటే భయపడేవాళ్లుంటారు, కుక్కలంటే భయపడేవాళ్లుంటారు, వాళ్లను చూసి నలుగురూ అయ్యో పాపం అంటారు. తిండంటే భయమని చెబితే మాత్రం ముందు నవ్వొస్తుంది జనానికి. నవ్వితే నవ్వారు గానీ, ఆ పిల్ల భయానికి కారణం ఉంది. పల్లీ ఆమెకు విషం. గింజ నమలక్కర్లేదు. పల్లీలు తగిలిన కత్తితో కోసిన రొట్టె ముక్క చాలు. చిన్నప్పుడు పక్కింటావిడ ముద్దుకొద్దీ చేతిలో పెట్టిన బిస్కెట్టు తిని, ఆ ఇంటి మెట్ల మీదే నీలంగా అయిపోయింది. అప్పట్నుంచి ముప్పై దాటేదాకా పరాయి ఇంట్లో పచ్చి మంచినీళ్లు తాగాలన్నా గ్లాసు అంచు తుడిచి, వాసన చూసి, అప్పుడు తాగేది.

అమెరికాలో డులూత్ అనే చలి ఊళ్లో, ఒక కళ్లజోళ్ల దుకాణంలో ఆమెకు పని. మధ్యాహ్నం తన డబ్బా తనదే. పెళ్లికి పిలిస్తే ఇంట్లో తినే బయల్దేరుతుంది. చర్చి విందుల్లో ఖాళీ పళ్లెం ఒకటి చేత్తో పట్టుకుని, అప్పుడే తినేసినట్టు మొహం పెట్టి అటూ ఇటూ తిరుగుతుంది. ఎందుకంటే ఎవరైనా తినమంటే వద్దనాలి. వద్దంటే ఎందుకని అడుగుతారు. కారణం చెబితే, పాపం పొద్దుట్నుంచీ వండి తెచ్చినావిడ మొహం చిన్నబోతుంది. ఎదుటివాళ్ల మొహం చిన్నబోవడం చూడటం సిగ్ని వల్ల కాదు. ప్రాణభయం ఒక ఎత్తు, ఆ భయం ఒక్కటీ ఒక ఎత్తు.

ఇలాంటి మనిషి వంటమనిషి వేషం కడతానంటే ఎవరికైనా ఆశ్చర్యంగానే ఉంటుంది.

వేషమంటే నిజం వేషం కాదు, కాగితం మీది వేషం. ఆదివారం మధ్యాహ్నాలు బెవ్ ఇంటి నేలమాళిగలో నలుగురూ చేరి ఆట ఆడతారు. బెవ్ సూత్రధారి. అడవులు, కోటలు, రాక్షసులు, దారిలో ఎదురయ్యే ముసలమ్మలు, అన్నీ ఆవిడ నోట్లోంచే పుడతాయి. మిగతా ముగ్గురూ తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి బలమెంత, తెలివెంత, ఏం చేతనవును అన్నవి కాగితం మీద రాసుకుని, ఆ మనిషి నోటితోనే మాట్లాడతారు. దూకితే గోడ దాటతాడా, పడతాడా అన్నది తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, ఎంత పెద్ద అంకె పడితే అంత మంచిది. బెవ్ జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, గొంతెత్తితే వెనక సీటు దాకా వినపడాల్సిందే. ఆవిడ తమ్ముడు డ్వేన్‌ది టైర్ల దుకాణం. నోటికి అడ్డూ ఆపూ లేదు. మూడోవాడు ఆరిన్, చలికాలమంతా ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, అమ్మతో కలిసి ఉంటాడు, మాట్లాడమంటే చెవులు ఎర్రబడతాయి.

సిగ్ని పాత మనిషి ఒక దొంగ. నవంబర్లో గోతిలో పడి చచ్చింది. ఆ తర్వాతి ఆదివారం కొత్త కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఈసారి ఎవరమ్మా, మళ్లీ దొంగేనా?" అన్నాడు డ్వేన్. "దొంగతనం నీకు అచ్చిరాదు తల్లీ. తాళం పగలగొట్టమంటే తలుపుకి సారీ చెప్పావు."

"వంటమనిషి," అంది సిగ్ని లోగొంతుకతో.

"ఎవరూ?"

"వంటమనిషి. పేరు హిల్డా. మూకుడు హిల్డా అంటారు."

డ్వేన్ బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. "నువ్వా! చిప్స్ ప్యాకెట్టు చూస్తే చదువుకునే పుస్తకంలా తిరగేస్తావు, నువ్వు వండుతావా?"

"నోర్ముయ్ డ్వేన్," అంది బెవ్. "చెప్పవే అమ్మాయ్. ఏం చేస్తుంది మీ హిల్డా?"

అడిగిందే చాలన్నట్టు సిగ్ని చెప్పింది. నాలుగు రాత్రులుగా నిద్ర మానుకుని ఆలోచించిన మాటలు మరి. హిల్డా పొట్టిది, లావుది, చేతులు కాలిన మచ్చలతో నిండి ఉంటాయి. వీపున ఇనుప మూకుడు, నడుముకి ఉప్పు సంచీ. చంపిన రాక్షసిని ఊరికే వదిలెయ్యదు, ఏ ముక్క కూరకు, ఏ ముక్క చారుకు పనికొస్తుందో చూస్తుంది. ఆమె వండింది తిన్నవాళ్ల గాయాలు మానతాయి. ఇక బలమూ, చురుకూ, తెలివీ అంటూ పంచుకోవడానికి ఉన్న పాయింట్లలో ముప్పాతిక వంతు ఒకే గడిలో పోసేసింది సిగ్ని. ఆ గడి పేరు తట్టుకునే శక్తి.

"అదేం లెక్క?" అని డ్వేన్ మెడ చాచి చూశాడు. "కత్తి తిప్పడం రాదు, మంత్రం రాదు. యుద్ధమొస్తే ఏం చేస్తుంది, శత్రువు మీద ఉప్పు చల్లుతుందా?"

"మూకుడుతో కొడుతుంది."

"మా అమ్మ మూకుడు ఎత్తాలంటే నాకే రెండు చేతులు కావాలి," అన్నాడు ఆరిన్ ఎవరూ అడక్కుండానే. "దాంతో ఒక్కటిస్తే ఎవడూ లేవడు." అని చెవులు ఎర్రజేసుకుని బల్ల వైపు చూశాడు.

"తట్టుకునే శక్తి అంత ఎందుకే?" అంది బెవ్.

"అన్నీ తినాలి ఆమె," అంది సిగ్ని. "పుట్టగొడుగు గానీ, పాము గానీ, దెయ్యం వండింది గానీ. ఏం తిన్నా ఆమెకేం కాకూడదు."

డ్వేన్‌తో సహా ఎవరూ నవ్వలేదు.

బెవ్ బల్ల దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరు కొత్త మనిషిని పుట్టించినా ఒక ఒట్టు రాయాలి. ఆ ఒట్టు తప్పితే ఆ మనిషి చచ్చినట్టే, కాగితం చింపేస్తారు. డ్వేన్ కల్పించుకున్న మనిషి ఒక సర్దారు, వెనక నుంచి ఎవర్నీ కొట్టనని ఒట్టు. ఆరిన్ మనిషి ఒక సన్యాసి, అబద్ధమాడనని ఒట్టు. సిగ్ని పెన్ను నోట్లో పెట్టుకుని కాస్త ఆలోచించి, ఇలా రాసింది: ఎవరు ఏం పెట్టినా హిల్డా కాదనదు, ముందు తను రుచి చూస్తుంది. అది రాస్తుంటే ఒళ్లు జల్లుమంది ఆమెకు. భయంతో జల్లుమనడం అలవాటే, ఇది మాత్రం భయం కాదు. ఎంత సంతోషమేసిందంటే, ఇంటికెళ్లేటప్పుడు బస్సులో కూడా ఆ కాగితం తీసి చూసుకుంది.

డిసెంబరంతా హిల్డా తింది. తోడేలు రాజు పెట్టిన పచ్చి కాలేయం తింది. బురదలో దొరికిన నీలం పుట్టగొడుగు తిని రుచి చాల్లేదని ఉప్పేసుకుంది. పాచిక వేసినప్పుడల్లా ఆ ముప్పాతిక వంతు శక్తి కాపాడింది. సిగ్ని గొంతు కూడా మారిపోయేది ఆ రెండు మూడు గంటలూ. "తేరా ఇటు, చూద్దాం నీ చారు!" అని హిల్డా గొంతుతో అరిస్తే డ్వేనే జడుసుకున్నాడొకసారి. ఇంటికెళ్లి మళ్లీ తన గిన్నె తను మూడుసార్లు కడుక్కునేది, అది వేరే సంగతి.

ఇదంతా ఆరిన్ చూస్తున్నాడు. మంచి మనిషి ఆరిన్. మంచి మనుషులతో ఒక చిక్కు, ఎదుటివాళ్లకి ఏం కావాలో వాళ్లే అనేసుకుంటారు. ఈ పిల్ల కాగితం మీద ఇంత ఆబగా తింటోందే, పాపం దీనికి ఒక్క పూటైనా భయం లేకుండా వేడి వేడిగా ఎవరైనా వండిపెట్టారా అనుకున్నాడు. అనుకున్నవాడు ఊరుకోలేదు, బెవ్‌తో రహస్యంగా మాట్లాడాడు. వచ్చే ఆదివారం కథలో మంచు అడవి మంత్రగత్తె వస్తుంది, హిల్డాకి సూప్ పెడుతుంది. ఆ సూప్ నిజంగానే బల్ల మీదికి రావాలి. బెవ్‌కి భలే నచ్చింది. ఆమె పల్లీ సంగతి అందరికీ తెలుసు, అయినా సిగ్నికి ముందు చెప్పాలని ఒక్కరికీ తట్టలేదు. చెబితే ఇంకేం సర్‌ప్రైజు!

జనవరిలో ఆ ఆదివారం బయట ముక్కులో గాలి గడ్డకట్టే చలి. సిగ్ని గుమ్మంలోకి రాగానే ఆరిన్ ఎదురొచ్చి కోటు అందుకున్నాడు. వచ్చినవాళ్ల కోట్లన్నీ పైన పడగ్గదిలో మంచం మీద కుప్పపోయడం ఆ ఊరి పద్ధతి. కోటుతో పాటు భుజానికున్న సంచీ కూడా లాక్కున్నాడు. అందులోనే ఉంది ఆమె సూదిమందు. గొంతు మూసుకుపోతే తొడలో పొడుచుకునే పెన్ను లాంటి సూది. ఎక్కడికెళ్లినా ఆ సంచీ కాళ్ల దగ్గరే పెట్టుకుంటుంది సిగ్ని. "అది నా దగ్గరుంచు" అనబోయింది. అప్పటికే అతను సగం మెట్లెక్కేశాడు. వెనక్కి పిలిస్తే బాగుండదని ఊరుకుంది.

బాగుండదట! ఆ ఒక్క మాట ఎంతమంది కొంపలు ముంచిందో లెక్క తేలదు.

కింద ఆట మొదలైంది. మంచు అడవి, గుడిసె, గుడిసెలో మంత్రగత్తె. "రండి బిడ్డలూ, చలికి బిగుసుకుపోయారు, నా సూప్ తాగండి," అని బెవ్ వణుకు గొంతుతో అంటూనే తల ఊపింది. ఆరిన్ లేచి, తన ఇంట్లో వండి తెచ్చి పైన బెవ్ వంటింట్లో వేడిచేసిన గిన్నె, పొగలు కక్కుతుండగా తెచ్చి బల్ల మీది ఆట బొమ్మల పక్కన పెట్టాడు. అడవి బియ్యంతో, మీగడతో చేసిన కోడి సూప్. వాసన ఆ గది అంతా నిండింది.

సిగ్ని కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"భయపడకు," అన్నాడు ఆరిన్ గబగబా. "గిన్నె కొత్తది, కత్తి కొత్తది, కోసే పలక కొత్తది. నిన్ననే కొన్నాను. చూడు, అన్నిటి ప్యాకెట్లూ దాచాను." నిజంగానే ఒక ప్లాస్టిక్ కవర్లో బియ్యం సంచీ, మీగడ డబ్బా, వెన్న కాగితం అన్నీ మడతపెట్టి తెచ్చాడు. సిగ్ని ఒక్కొక్కటే తీసి చిన్న అక్షరాలు చదివింది. ఎక్కడా పల్లీ లేదు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండునని ఎంత వెతికిందో!

"నేను తినే వచ్చాను ఆరిన్," అంది.

"కొంచెమే."

"అయ్యో, ఎందుకు నీకింత శ్రమ. వద్దులే."

ఆ ఊళ్లో వద్దనడం ఒక మర్యాద. ఎవరైనా కాఫీ ఇస్తానంటే మొదటిసారి వద్దంటారు, రెండోసారి మీకెందుకు శ్రమ అంటారు, మూడోసారికి సరే కొంచెం అంటారు. మొదటిసారే పుచ్చుకున్నవాణ్ణి చూస్తే, వీడికి పెంపకం లేదంటారు. అందుకని ఆరిన్ ఆ రెండు వద్దులూ విని చిరునవ్వుతో మూడో దానికోసం ఎదురుచూశాడు. గరిటెతో ఆమె చిన్న గిన్నెలో పోస్తూనే ఎదురుచూశాడు. బెవ్ ఎదురుచూసింది. డ్వేన్ అయితే, "హిల్డా ఒట్టు ఉంది! ఎవరు పెట్టినా కాదనకూడదు! కాదంటే కాగితం చింపేస్తాం!" అని గిన్నె మీద చెంచాతో మోగించాడు.

ఆరిన్ మొహం చూసింది సిగ్ని. పెద్ద పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు. మూడో వద్దు నాలుక మీదికొచ్చి, అక్కడే ఆగిపోయింది.

"సరే, కొంచెం," అంది.

మొదటి చెంచా ఎంత బాగుందో చెప్పలేం. చిన్నప్పటి ఆ మెట్ల మీది బిస్కెట్టు తర్వాత పరాయి చేతి వంట తినడం అదే మొదలు. మీగడ, మిరియం, మెత్తగా ఉడికిన కోడి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆమెకి. ఆ నీళ్లు ఇంకా ఆరకముందే కింది పెదవి లోపల చీమ కుట్టినట్టయింది.

తెలిసిపోయింది. ఆ చీమ ఏమిటో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

"బాగుందా?" అన్నాడు ఆరిన్.

"చాలా బాగుంది," అంది. అని, రెండో చెంచా తింది.

మిరియం ఘాటేమో అనుకుంది. కాదని తెలుసు. లేచి పైకి పరిగెత్తి సంచీ తెచ్చుకోవాలనుకుంది. లేస్తే అందరూ ఏమైందంటారు, ఆరిన్ మొహం ఒక్కసారిగా తెల్లబోతుంది, నిన్నంతా కొన్న కొత్త గిన్నె, కొత్త కత్తి, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, అన్నీ బూడిదలో పోసిన పన్నీరు. ఇంకొంచెం ఆగి లేద్దాం, అందరూ ఆటలో పడ్డాక మెల్లిగా లేద్దాం అనుకుంది. అలా అనుకుంటూ అనుకుంటూ చేత్తో చెంచా ఎత్తుతూనే ఉంది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినపడుతోంది. నాలుక మందమైంది. చిన్న గిన్నె అడుగు కనపడింది. ఇంత భయంలోనూ ఆ చెయ్యి ఆగలేదు చూడండి! చచ్చిపోతానేమో అన్న భయం కంటే వాడి మొహం ఏమైపోతుందో అన్న భయం పెద్దదైపోయింది ఆ పిల్లకి.

"హహ్హహ్హా!" అని బెవ్ మంత్రగత్తె నవ్వు నవ్వింది. కథలో అది ముందే అనుకున్న మలుపు. "పిచ్చి వంటలమ్మా! నా సూప్‌లో ఏముందో తెలుసా నీకు? విషం!"

"ఓహో!" అని డ్వేన్ కుర్చీలోంచి లేచాడు.

సిగ్ని గొంతు పట్టుకుంది. "నాకు," అంది, "ఊపిరి..." తర్వాతి మాట రాలేదు. గొంతు సందు లేకుండా వాస్తోంది. గాలి లోపలికి వెళ్లేటప్పుడు సన్నగా కూత వినపడింది.

"అబ్బ, ఏం చేస్తోందిరా!" అన్నాడు డ్వేన్ చప్పట్లు కొడుతూ. "నేను నేర్పాను ఇది!" నిజమే, పోయిన నెల డ్వేన్ పాత సర్దారు బాణం తగిలి చచ్చినప్పుడు, కార్పెట్ మీద గిలగిలా కొట్టుకుని కుర్చీ కాలు విరగ్గొట్టాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ బల్ల దగ్గర బాగా చావడం ఒక గొప్ప. ఇప్పుడు సిగ్ని చస్తుంటే వాళ్లకి ముచ్చటగా ఉంది.

"ఉండు, ఉండు, పాచిక వెయ్యాలి!" అంది బెవ్ సంబరంగా. ఆరిన్ పాచిక తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. అతని చెయ్యి వెచ్చగా ఉంది. సిగ్ని ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, చూడు నన్ను, ఒక్కసారి నా మొహం చూడు అన్నట్టు. అతను సిగ్గుపడి చెయ్యి లాక్కున్నాడు.

పాచిక ఆమె వేళ్లలోంచి జారి బల్ల మీద దొర్లింది.

ఇరవై.

ఆ గది పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. "ఇరవై! ఇరవై! బతికావే!" డ్వేన్ బెవ్‌ని కావలించుకున్నాడు. ఆరిన్ నవ్వుతున్నాడు. ముగ్గురూ పాచిక వైపే చూస్తున్నారు. దాని కంటే పెద్ద సాక్ష్యం వాళ్లకి లేదు. పాచిక బతికిందంటే బతికినట్టే.

నలుగురి మధ్యలో, దీపాల కింద, వేడి సూప్ పక్కన, తనకు ప్రాణమైన మనుషులు చప్పట్లు కొడుతుండగా చచ్చిపోబోతున్నానని సిగ్నికి అర్థమైంది. అరవడానికి గొంతు లేదు. మెట్లెక్కడానికి కాళ్లు లేవు. కళ్ల చివర్ల నల్లగా మూసుకొస్తోంది. ఇంత ఒంటరితనం ఆమె ఎప్పుడూ ఎరగదు. అమ్మా అనుకుంది లోపల. చేతికి అందేంత దూరంలో ఒక్కటే ఉంది, హిల్డా కాగితం. దాన్ని అందుకుంది. ఎత్తి పట్టుకుని, ఆఖరి బలమంతా వేళ్లలోకి తెచ్చుకుని, నిలువునా చింపింది.

చిరిగిన చప్పుడు చిన్నదే. డ్వేన్ నోరు ఠక్కున మూతపడింది.

కాగితం చింపేది మనిషి చచ్చినప్పుడే. ఇరవై పడ్డాక, అందరూ చప్పట్లు కొడుతుంటే, ఎవరూ తమ మనిషిని తాము చింపుకోరు. తాగి ఉన్నా చింపరు. ఇంట్లో గొడవై వచ్చినా చింపరు. డ్వేన్ ఆ ముక్కల వైపు చూశాడు, తర్వాత మొదటిసారి ఆమె మొహం చూశాడు. పెదాలు ఉబ్బి నీలం తిరిగి ఉన్నాయి.

"బెవ్, ఆపు," అన్నాడు. "ఇది ఆట కాదు. ఆపవే బాబూ, ఆట కాదిది! సూది ఏది? సిగ్నీ, నీ సూది ఏది?"

"సంచీలో," అన్నాడు ఆరిన్. అతని రంగు పోయింది. "మంచం మీద. కోట్ల కింద. నేనే..."

"నిలబడతావేంరా, పద!" అని అరిచాడు డ్వేన్.

ఆరిన్ కదల్లేకపోయాడు. డ్వేనే రెండేసి మెట్లు ఎక్కి పరిగెత్తాడు. బెవ్ ఫోను అందుకుని అంబులెన్స్‌కి అడ్రసు అరుస్తోంది, స్కూలు బస్సులో అరిచిన గొంతుతో. పైనుంచి కోట్లన్నీ కట్టగా మెట్ల మీదికి దొర్లి వచ్చాయి, వాటి వెనకే డ్వేన్ సంచీ పట్టుకుని. సంచీ బోర్లించాడు. పెన్ను దొర్లింది. "ఎక్కడ పొడవాలి? ఎక్కడ తల్లీ?" సిగ్ని చెయ్యి తొడ మీద పెట్టింది. ప్యాంటు మీంచే పొడిచాడు, పళ్లు బిగించి, కళ్లు మూసుకుని. తర్వాత చాలాసేపు ఆమె తల ఒళ్లో పెట్టుకుని, "ఊపిరి తీసుకో, తీసుకో, నేనింకెప్పుడూ నిన్ను ఏమీ అనను, తీసుకో," అంటూ కూర్చున్నాడు. గాలి వచ్చింది. సన్నగా, కూతపెడుతూ, ముందు కొంచెం, తర్వాత కాస్త ఎక్కువ.

ఆసుపత్రిలో ఆ సాయంత్రమంతా కదలనివ్వలేదు. మందు దిగాక మళ్లీ తిరగబెట్టవచ్చని డాక్టరు చెప్పి వెళ్లాడు. అందుకని ప్రతి చిన్న దురదకీ సిగ్ని గుండె ఆగిపోయేది. మెడ తడుముకునేది. గ్లాసులో నీళ్లు మింగి, గొంతు దిగిందో లేదో చూసుకునేది. మందు ప్రభావానికి చేతులు వణుకుతున్నాయని నర్సు చెప్పింది. అవి మందు వల్ల వణుకుతున్నాయో భయం వల్ల వణుకుతున్నాయో సిగ్నికి తెలీలేదు.

బెవ్, డ్వేన్ బయట కారిడార్లో ఉన్నారు. ఆరిన్ ఆమె కోటు చేతుల్లో మడిచి పట్టుకుని లోపలికొచ్చాడు. మంచం పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు. అమ్మకి ఫోను చేశానన్నాడు. గిన్నె కొత్తదే, కత్తి కొత్తదే. కలిపింది మాత్రం అమ్మ కర్ర గరిటెతో. చేతికి అలవాటైంది కదా అని అదే తీశాడు. పోయిన వారం ఆవిడ పల్లీల పాకం కలిపింది దాంతోనే. కడిగారు, ఎంత కడిగినా కర్ర కర్రే.

"ఆ గరిటె విరిచి పొయ్యిలో పెట్టిందట అమ్మ," అన్నాడు. "నేను చంపేసేవాణ్ణి నిన్ను."

"పర్లేదు ఆరిన్," అనేసింది సిగ్ని. అలవాటు మరి.

నర్సు చేతిలో పెన్నుతో మంచం అవతలి వైపు నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, సగం నిద్రలో ఉన్నట్టుంటుంది గానీ అన్నీ వింటుంది. "ఒక్కటి చెప్పమ్మా, రాసుకోవాలి. మొట్టమొదట తేడా ఎప్పుడు తెలిసింది నీకు? సూప్ అయిపోయాక ఎంతసేపటికి?"

సిగ్ని దుప్పటి అంచు సరిచేసుకుంది.

"గుర్తుందా?"

"అయిపోయాక కాదు," అంది సిగ్ని మెల్లిగా.

"మరి?"

"మొదటి చెంచాకే తెలిసింది."

నర్సు పెన్ను ఆగింది. "మరి ఎంత తిన్నావు?"

"మొత్తం."

ఆరిన్ తలెత్తాడు. నర్సు పెద్దగా నిట్టూర్చింది. ఎందుకని అడగలేదు. అడగాల్సింది తను కాదన్నట్టు పెన్ను జేబులో పెట్టుకుని తెర దాటి బయటికి వెళ్లింది.

ఇప్పుడు అతని వైపు చూడాలి. సిగ్ని గుండె మళ్లీ మొదలుపెట్టింది, సూప్ గిన్నె ముందు కొట్టుకున్నట్టే, అంత జోరుగా. మిరియం అనుకున్నానని చెప్పొచ్చు. తెలీలేదని చెప్పొచ్చు. అతను నమ్ముతాడు, నమ్మాలనే చూస్తున్నాడు, ఆ మొహంలో అదే ఉంది. నాలుక చివరికి వచ్చింది కూడా ఆ అబద్ధం.

"నాకు తెలుసు ఆరిన్," అంది. "పల్లీ అని తెలుసు. నువ్వు బాగుందా అన్నప్పుడే తెలుసు. నీ మొహం చూసి తిన్నాను."

అతని వేళ్లు కోటు మీద బిగుసుకున్నాయి. అతని మొహం ఆమె జీవితమంతా భయపడ్డట్టే, ఆమె కళ్ల ముందే, మెల్లిగా కూలిపోయింది. సిగ్ని చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలని ఒళ్లంతా అరుస్తున్నా తిప్పుకోలేదు.

"నా మొహం అంత భయంగా ఉందా సిగ్నీ?" అన్నాడు చివరికి.

"ఉంది," అంది.

అతను తలూపాడు. లేచి వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఆమె మెడ తడుముకుంటూ, దురద వస్తుందేమోనని చూసుకుంటూ పడుకుంది.